ఉతికిన శాలువా

ఇచ్చోడలోని మా బుద్ధ ధ్యానమందిరంలో మూడేళ్లుగా సేవ చేస్తున్నాను. అందరూ వాడుకునే చోటు కనుక గోడ మీద నియమాలు రాసి పెట్టాం. ఎవరైనా మరిచిపోయిన బట్టలను ఉతికి అలమారాలో ఉంచాలన్నది వాటిలో ఒకటి.

దుబాయి నుంచి సెలవులో వచ్చిన గంగన్న రోజూ ధ్యానానికి వచ్చేవాడు. తిరిగి వెళ్తూ తన శాలువా ఇక్కడే మరిచిపోయాడు. రెండు నెలలకు దుబాయిలోనే గుండెపోటుతో పోయాడని తెలిసింది.

దినాలయ్యాక బోథ్ నుంచి అతని భార్య లక్ష్మి వచ్చింది.

"శాలువా గీడనే మర్చిపోయిన అని ఫోన్ల చెప్పిండక్కా. ఉన్నదా?"

ఉతికి మడిచి దాచిన శాలువాను కాస్త గర్వంగానే తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని ముఖానికి అదుముకుని గట్టిగా ఊపిరి పీల్చింది.

"ఉతికిన్రా అక్కా?"

"మాసి ఉండె చెల్లె, అందుకే ఉతికిన."

"ఇంట్ల ఆయన బట్టలన్నీ తీసేసిన్రు. గీ శాలువాలనన్న ఆయన వాసన ఉంటదనుకున్న."

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. శాలువా కప్పుకుని మందిరంలో ఓ మూల గంటసేపు కూర్చుని, బస్సెక్కి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎవరైనా బట్ట మరిచిపోతే, ముందు ఫోన్ చేసి అడిగాకే నీళ్లలో వేస్తున్నాను. లక్ష్మికి మాత్రం నేనేమీ తిరిగి ఇవ్వలేను.