నా దర్జీ దయ్యం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నాకు ఒక్కటే కోరిక ఉండేది: మద్రాసు వెళ్లి సినిమాలకు కథలు రాయాలి. బడి ఐదో తరగతితోనే ఆగిపోయింది. మిగతా చదువంతా నంద్యాల గ్రంథాలయంలో, ఒక బీరువా తర్వాత ఇంకో బీరువాగా సాగింది. హాస్యానికి భయానకం విరోధి, రెండూ ఒకచోట ఇమడవు అని ఒక అలంకార గ్రంథంలో చదివాను. ఇమిడ్చి చూపిద్దామనుకున్నాను.

అలా పుట్టింది దర్జీ దయ్యం. ఒక దర్జీ ఒక మనిషి చొక్కాకు కొలతలు తీసుకుని, కుట్టకముందే చనిపోతాడు. ఒప్పుకున్న పని వదల్లేక ప్రతి రాత్రీ టేపు పట్టుకుని వస్తాడు. భయంతో ఆ మనిషి చిక్కిపోతాడు. కొలత మారుతుంది. దర్జీ మళ్లీ రావలసి వస్తుంది. చివరికి ఆ మనిషి తన మంచం మీద లావుపాటి తమ్ముణ్ణి పడుకోబెట్టి తప్పించుకుంటాడు.

ఆళ్లగడ్డ టూరింగ్ టాకీసులో మిషను ఒక్కటే. రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వేసి కొత్త రీలు ఎక్కించేవారు. ఆ సందులో నేల క్లాసులో నిలబడి నా కథ చెప్పేవాణ్ణి. ఎక్కడ నవ్వుతున్నారో, ఎక్కడ పిల్లలు తల్లుల కొంగు పట్టుకుంటున్నారో చూసి, ఇంటికి వెళ్లి దిద్దుకునేవాణ్ణి. ఏ పుస్తకంలోనూ లేని పద్ధతి కనిపెట్టానని గర్వంగా ఉండేది. "ఏందన్నా, ఈ పొద్దు దయ్యం రాల్యా?" అని జనమే అడిగేవారు.

కొన్నేళ్లకు మద్రాసు కంపెనీ మనిషి ఒకాయన ఫిల్ము పెట్టెల పని మీద వచ్చాడు. పగలు ఖాళీ టాకీసు డేరాలో కథ వినడానికి ఒప్పుకున్నాడు. రెండో కొలత దగ్గరే చెయ్యెత్తి ఆపాడు.

"ఇది నిన్న శిరివెళ్లలో టీ తాగుతుంటే ఒక ముసలాయన చెప్పగా విన్నానండీ. మీ వైపు పాత కథే కదా."

"కాదండీ, నేనే కల్పించాను."

"చిన్నప్పుడే విన్నానని చెప్పాడే ఆ ముసలాయన!"

గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి అప్పుడే మాకు టీ తెచ్చాడు. నా కథను మొదటి రోజు నుంచీ విన్నవాడు. అతని చెయ్యి పట్టుకున్నాను. "నువ్వే చెప్పప్పా, ఈ కత ఎవరిది?"

"ఎవరిదేందన్నా? మా అవ్వ చెప్తాండె గదా!"

అబద్ధమాడే మనిషి కాదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు.

"వేరేది ఉంటే చెప్పండి," అన్నాడు కంపెనీ మనిషి. వేరేది లేదు. ఇన్నేళ్లూ దీన్నే దిద్దుతూ వచ్చాను.

ఆ తర్వాత డేరాలో నేను నోరు విప్పలేదు. ఒకనాడు మొదటి ఆటలో రీలు తెగింది. "దయ్యం కత చెప్పప్పా!" అని జనం కేకలేస్తే అలవాటు కొద్దీ లేవబోయాను. వాళ్లు పిలిచింది గేటు మనిషిని. అతను చెప్పిన కొలతలన్నీ నేను దిద్దినవే. చివర మాత్రం వేరు.

"ఆ రాత్రి దర్జీ టేపు తేల్యా. చొక్కా తెచ్చినాడు. తొడిగితే, నాయనా, సరిగ్గా సరిపాయ!"

జనం పగలబడి నవ్వారు. అంతలో ఒక ఆడగొంతు, "అంటే ఇంక చిక్కల్యా? సచ్చినాడా?" అంది. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

ఆట వదిలాక గేటు దగ్గర ఆగాను. "ఆ చివర యాడిదప్పా?"

"మొదట్నుంచీ అంతే గదన్నా," అన్నాడు జాలిగా. "నీకే సరిగ్గా తెల్దు."