టీచరమ్మ కత్తిరించిన గొలుసు

క్రిస్మస్ అలంకరణ కోసం చర్చి వెనక మైదా జిగురు ఉడుకుతుంటే, ఆ వేడి పిండివాసన నన్ను ఏటా ఒకే మనిషి దగ్గరకు తీసుకుపోతుంది. ఆవిడ కోటబొమ్మాళిలో మా పక్కింటి సుగుణమ్మగారు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పసితనంలోనే కాలు చచ్చుబడి నేను బడి ముఖం చూడలేదు. అక్షరాలు అమ్మ నేర్పింది. లెక్కలు మాత్రం ఈ టీచరమ్మే రోజూ మా ఇంటికొచ్చి చెప్పారు. ఆవిడ మా సంఘం మనిషి కాకపోయినా ప్రభువే పంపాడని అనుకునేదాన్ని, ఇప్పటికీ అంతే.

పదేళ్ళ కిందటి డిసెంబరది. మా అక్క విశాఖలో నర్సు, ఏ పరీక్షా తప్పి ఎరగదు. నేను దూరవిద్యలో డిగ్రీ లెక్కల పేపరు రెండుసార్లు తప్పాను. మూడోసారి దరఖాస్తుకు మర్నాడే ఆఖరు. ఇంక రాయనని ఇంట్లో చెప్పేసి, మధ్యాహ్నం వరండాలో టీచరమ్మతో కూర్చుని రంగు కాగితాల గొలుసులు అంటిస్తున్నాను.

“ఏటే, మానేస్తావంట?”

“అక్కలాగ నాకు రాదండి.”

ఆవిడ నాలుగు కాగితం పట్టీలు నా ముందుకు తోశారు. “మీ ఇంటి ఆడోళ్ళని గొలుసు కట్టు. కన్నోళ్ళు పైన, పుట్టినోళ్ళు కింద.”

అమ్మమ్మ, అమ్మ, అక్క, నేను అని పేర్లు రాసి వరసగా అంటించాను. ఆవిడ కత్తెరతో నా చుట్టును తెంపి, తిన్నగా అమ్మ చుట్టులో దూర్చి అంటించారు.

“ఓలమ్మ, మీ అక్క నిన్ను కన్నాదేటి? లెక్కల్లో గొలుసంటే అందులో ఏ ఇద్దర్ని తీసినా ఒకరు పైన, ఒకరు కింద ఉండాల. మీ ఇద్దరిలో ఎవులు పైన? సెప్పలేం. పోల్చడానికి లేదు. అదీ లెక్కేనే.”

పుట్టిన దగ్గర్నుంచీ అందరూ నన్ను అక్క పక్కన నిలబెట్టే కొలిచారు. ఆ కొలతే కుదరదని లెక్కలు చెబుతుంటే అమ్మ చుట్టుకు వేలాడే మా రెండు చుట్లనూ జిగురు వేళ్ళతో పక్కపక్కన పట్టుకు చూశాను.

“మరి రెండుసార్లు తప్పేను కదండీ?” అన్నాను మెల్లగా.

“వైకుంఠపాళీ ఆడలేదేటి? నిన్ను పాము మింగితే ఇరవయ్యో గడికి దిగేవు. నేను నిచ్చెనెక్కి అదే గడికొచ్చేను. ఇప్పుడు గవ్వలేస్తే ఎవులికి మంచి పందెం పడతాది?”

“ఎవరికైనా ఒకటే కదండీ.”

“మరి! ఎలగొచ్చేవని గవ్వలు అడగవు. ఇప్పుడెక్కడున్నావన్నదే సూస్తాయి. ఇలాగ గడి గడికీ సాగే నడకనీ లెక్కల్లో గొలుసే అంటారు. అయితే పరీక్ష గవ్వలాట కాదు, సదవాల!” అని నవ్వారు.

తరువాత ఒక పొడుగాటి గొలుసు ఎత్తి, “కొసలెన్ని?” అన్నారు. రెండన్నాను. ఆ రెంటినీ కలిపి అంటించి, “ఇప్పుడో?”

“లేవండి.”

“ఇలాటి కొసల్లేని గొలుసుల్ని పట్టుకునే ఒక ఆకారంలో బొక్క ఉన్నాదో లేదో కనిపెడతారు. గొలుసు లోపల మొత్తం నిండకపోతే అక్కడ బొక్కున్నట్టే. అదింకో లెక్క.”

ఇంట్లో పెద్దా చిన్నా వరస, ఆటలో గడులు, ఆకారంలో బొక్క. ఒకదాని ముఖం ఒకటి చూసినట్టే లేని మూడింటికీ ఒకటే పేరు! “ఎందుకండీ అలాగ?” అన్నాను.

టీచరమ్మ కత్తెర పక్కన పెట్టారు. “ఏమోనే అమ్మా. కొంత తెలుసు, అంతా తెలీదు. తెలీని దగ్గరే నాకు దణ్ణం ఎట్టాలనిపిస్తాది.”

ఆ సాయంత్రమే దరఖాస్తు మీద సంతకం పెట్టాను. అత్తెసరు మార్కులతోనే అయినా పేపరు గట్టెక్కింది. ఇప్పుడు నా దగ్గరకు లెక్కలకొచ్చే ఆడపిల్లలు నాకు తెలియనిది అడిగితే, తెలీదమ్మా అని తలెత్తి చెబుతాను. ఆ మాట అన్నప్పుడల్లా ప్రార్థనలో ఉన్నట్టే ఉంటుంది.