అల వచ్చినప్పుడే తొయ్యాల

నర్సు ట్రైనింగుకని నెల్లూరు మిషన్ ఆసుపత్రిలో చేరిన కొత్తలో, నేను నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు మాట 'పుష్'. కాన్పుల గదిలో పొద్దస్తమానం అదే మాట. నోటు పుస్తకంలో దాని ఎదురుగా 'తొయ్యి' అని రాసుకుని, ఆ మాట నాకు వచ్చేసిందని మురిసిపోయాను. వచ్చింది నా తలకాయ!

అది పంతొమ్మిదివందల అరవై రెండో, మూడో, సరిగా గుర్తులేదు. ఇందుకూరుపేట వైపు పల్లెపాళెం నుంచి ఒక పిల్లను ఎద్దుల బండిలో తీసుకొచ్చారు. తొలిచూలు. అప్పటికే ఒకటిన్నర రోజుగా నొప్పులు పడుతోంది. దొరసాని డాక్టరమ్మ 'పుష్, పుష్' అంటుంది. పక్కన నిలబడి నేను 'తొయ్యమ్మా, తొయ్యి' అని అరుస్తాను. అరిచినప్పుడల్లా ఆ పిల్ల బెదిరిపోయి, నొప్పి ఉన్నా లేకపోయినా ఊపిరి బిగబట్టి ముక్కేది. తీరా నొప్పి వచ్చేసరికి ఒంట్లో సత్తువ ఉండేది కాదు. బిడ్డ గుండె నెమ్మదిస్తోందని డాక్టరమ్మ చెప్పింది. నా అరుపుల మీద నాకే ఒళ్లు మండింది.

నేనూ ఆ పిల్లలాగే చేపలు పట్టే పల్లెకారుల పిల్లనే. మా నాన్న పడవను సముద్రంలోకి దించేటప్పుడు పాళెమంతా తలా ఒక చెయ్యి వేసేవాళ్లం. ఊరికే తోస్తే నాన్న తిట్టేవాడు. అల పడవ కిందికి వచ్చి దాన్ని కాస్త లేపినప్పుడే తొయ్యాలి. అల వెనక్కి పోయేటప్పుడు పడవను పట్టుకుని, ఊపిరి తీసుకుంటూ నిలబడాలి.

ఆ పిల్ల చెవి దగ్గరికి వంగాను. "అమ్మణ్ణీ, పడవ దించేది చూసినావు గదా? ఈ నొప్పే అల. అది వస్తేనే తొయ్యాల. పోతా ఉంటే ఊరికే పట్టుకోనుండు" అన్నాను.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మధ్యలో డాక్టరమ్మ మళ్లీ 'పుష్' అనబోతే, ఆగమని చేత్తో సైగ చేశాను. ఎంత పొగరో నాకు! ఆ మహాతల్లి ఆగింది. ఎన్ని అలలు వచ్చి పోయాయో లెక్కపెట్టలేదు. చివరికి బిడ్డ బయటపడింది, నీలంగా, కిక్కురుమనకుండా. డాక్టరమ్మ తలకిందులుగా పట్టుకుని వీపు తట్టింది. కాసేపటికి బిడ్డ కీచుమని ఏడ్చింది.

తల్లి ఇంకా కళ్లు తెరవలేదు. నా చెయ్యీ వదల్లేదు. ఇంకో నొప్పి కోసం కాచుకునే ఉంది.

"అక్కా, పడవ దిగిందా?" అని అడిగింది.

"దిగింది తల్లీ, ఆడబిడ్డ" అని చెబుతూ ఏడ్చేశాను.