మూట మోసిన ఎలుగుబంటి

మా ఇంట్లో టీవీ ఉండేది కానీ దానికి గొంతు ఉండేది కాదు. పాడైపోయి కాదు, అది మా నాయన పెట్టిన కట్టడి. తమిళనాట గుడియాత్తంలో మా ఇల్లంటే ముందర ఒక గది, వెనక వంటిల్లు, అంతే. ఆ ముందరి గదిలోనే నాయన నేసే గుంట మగ్గం, దాని పక్కన అమ్మ నూలు కండెలు చుట్టే రాట్నం, ఎదురుగా గోడకు కొట్టిన చెక్క మీద టీవీ. నేసేవాడికి కళ్ళు ఎంత అవసరమో చెవులూ అంతే అవసరం. ఎక్కడైనా పోగు తెగితే మగ్గం చప్పుడు మారుతుంది. ఆ మార్పు చెవిన పడకపోతే నేస్తున్న లుంగీ మీద గీత పడి అట్లాగే సాగిపోతుంది. అందుకని "బొమ్మ చూసుకోండి, సద్దు మాత్రం వద్దు" అనేవాడు.

సద్దు ఉన్నా మాకు ఒరిగేదేమీ లేదు. ఆ రోజుల్లో పిల్లల బొమ్మల కథలు వచ్చేది హిందీలో. మా వీధిలో ఇంట్లో తెలుగు, అరుగు దిగితే అరవం. హిందీ తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. నేనూ తమ్ముడూ నేల మీద బోర్లా పడుకుని బొమ్మ చూసేవాళ్ళం. రాట్నం తిప్పుతూ ఒక కన్ను దారం మీదా ఒక కన్ను టీవీ మీదా వేసి అమ్మ కథ చెప్పేది. అది టీవీ వాళ్ళు చెబుతున్న కథేనని మా నమ్మకం. అమ్మకు కూడా అదే నమ్మకం ఉండేదని ఇప్పుడనిపిస్తుంది.

మాకు ప్రాణం ఒక ఎలుగుబంటి. అది నెత్తిన పెద్ద మూట పెట్టుకుని అడవిలో గబగబా నడుస్తుండేది. వెనకాల టోపీ పెట్టుకున్న నక్క, ఒక కుందేలు, ఒక కోతి తరుముకుంటూ వచ్చేవి.

"యాడికిమా పోతా ఉండాది?" అని అడిగేవాడు తమ్ముడు.

"యాడికేంది, నేసిన లుంగీలు మూట గట్టుకోని షావుకారికాడికి పోతా ఉండాడు. మీ నాయన పొయ్యేది సూళ్ళేదా?"

"మరి వాళ్ళెందుకు తరుముతా ఉండారు?"

"పండగ దగ్గరికొచ్చింది గదా. షావుకారింటికి చేరితే మళ్ళా దొరకవని దోవలోనే లుంగీ ఇమ్మని అడగతా ఉండారు."

ఎలుగుబంటి ఎంత పరుగెత్తినా వెనకాల ఒకే చెట్టు మళ్ళీ మళ్ళీ వచ్చేది. గీసేవాళ్ళు ఖర్చు తగ్గించుకోడానికి ఒకే చెట్టును తిప్పి తిప్పి చూపించేవారని పెద్దయ్యాక తెలిసింది. అమ్మ దానికీ తడుముకోలేదు. మా వీధిలో నిలువు పోగుల పడుగు సాగదీసి కట్టి గంజి పట్టించేటప్పుడు మగవాళ్ళు ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూనే ఉంటారు. "పడుగు కాడ తిరగతా ఉండాడు, ఒకే చెట్టు గాక ఇంకేం కనిపిస్తాది?" అంది. మాకు సరిగ్గా అతికినట్టు సరిపోయింది.

ఆఖరున ఎలుగుబంటి కమ్మీల కిటికీ ఉన్న ఒక గదిలో కూర్చుని ఉండేది. ఎవరో పళ్ళెంలో అన్నం తెచ్చిపెట్టేవారు. "సూడండి, అలిసిపోయి వచ్చినాడని షావుకారు లోపల కూసోబెట్టి అన్నం పెట్టినాడు" అనేది అమ్మ. మాకు కడుపు నిండిపోయేది. మా నాయనకు ఏ షావుకారూ అన్నం పెట్టిన దాఖలా లేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు నేనుండేది వేలూరులో, తొరపాడి వైపు. మా అమ్మాయి రెండో తరగతి. బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుందో లేదో, బొమ్మల కథలు మొదలు. అన్నీ అరవంలో, ఒకటి అయ్యీ అవ్వకముందే ఇంకొకటి దానంతటదే వచ్చేస్తుంది. మా కాలపు తల్లులందరి లాగే నేనూ సణుగుతుంటాను. కాకపోతే నాకొక పిచ్చి ఉంది, దేన్నయినా తిట్టే ముందు ఒకసారి కూర్చుని చూడాలి. అలా ఒక సాయంత్రం కూతురి పక్కన చేరాను.

చూస్తే, తిట్టడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. మా ఎలుగుబంటికి కాళ్ళు మాత్రం కదిలేవి, మొహం చెక్కినట్టు అలాగే ఉండేది. ఇప్పటి బొమ్మల్లో గాలి వీస్తే ఒక్కొక్క వెంట్రుకా విడిగా ఎగురుతోంది. అప్పటి కథల్లో ఆడజంతువంటే నెత్తిన రిబ్బను కట్టుకుని పక్కన నిలబడి కెవ్వుమనేది. ఇప్పుడు పిల్ల తానే యంత్రం బాగుచేసుకుని ఆకాశంలోకి ఎగిరిపోతోంది. నాకు నచ్చింది, ఎందుకు దాచాలి? ఒక్కటే అంతుపట్టలేదు. అందులో ఎవరూ ఒక్క క్షణం నోరు మూసుకోరు. ఎందుకు ఏడుస్తున్నారో, ఎక్కడికి పోతున్నారో అన్నీ వాళ్ళే చెప్పేస్తారు. నేను ఊరికే ఉండలేక "ఆ పాప ఎందుకు ఏడస్తా ఉండాది?" అని అడిగాను. మా అమ్మాయి కళ్ళు తిప్పకుండా "అదాన్ సొల్లుదే మా" అంది. అదే చెబుతోంది కదా, అని. నిజమే. ఇంట్లో ఎవరినీ ఏమీ అడిగే అవసరమే లేదు.

అరవం మాకు పరాయిది కాదు. బేరమాడేదీ, పోట్లాడేదీ అందులోనే. ఇంట్లో మాత్రం తెలుగు. మా ఆయన వాళ్ళు కనియంబాడి దగ్గరి రైతులు, వాళ్ళదీ తెలుగే. మా అమ్మాయికి మేం మాట్లాడేదంతా అర్థమవుతుంది, బదులు మాత్రం అరవంలో ఇస్తుంది. "పెద్దయితే అదే వస్తాదిలే" అనేవాడు మా ఆయన. నేనూ సరేలే అనుకుంటూ వచ్చాను, మా అమ్మ వచ్చేదాకా.

అమ్మ చెవుల పరీక్షకని వేలూరు వచ్చింది. నాయన రాలేదు. మగ్గం మీద పడుగుండగా ఇల్లు కదిలే మనిషి కాదు, ఆయనకు తోడు అక్కడ తమ్ముడున్నాడు. అమ్మకు వినికిడి బాగా తగ్గిపోయింది. మేం మాట్లాడితే మా నోటి వంక చూసి పట్టుకుంటుంది. మనవరాలి మాట మాత్రం అందటం లేదు.

"అరవం అంగట్లో చెవితో నేర్చుకునిందిమే, చెవితోనే పాయ" అంది నాతో. "మన మాటైతే మూతి సూస్తే సాలు, తెలిసిపోతాది."

మనవరాలితో ఆ సంగతి చెప్పుకోవడానికి అమ్మకు మొహమాటం. అందుకని ఆ పిల్ల ఏం చెప్పినా నవ్వి తలూపేది. ఒకరోజు మా అమ్మాయి బడిలో పడి మోకాలు చీరుకుపోయి వచ్చింది. ఏడుపు ఆపుకుంటూ నేరుగా అవ్వ దగ్గరికి పోయి అరవంలో అంతా చెప్పుకుంది. అమ్మ నవ్వుతూ "మంచిదమ్మా, మంచిది" అంది. పిల్ల మొహం వాడిపోయింది. వంటింట్లోకి వచ్చి, అవ్వకు నేనంటే ఇష్టం లేదు, అంది. అవ్వకు వినపడదని చెప్పాను, నమ్మలేదు. ఒకే ఇంట్లో ఉంటూ వీళ్ళిద్దరూ రైల్లో ఎదురెదురు సీట్లలో కూర్చున్న మనుషుల్లా అయిపోతారేమోనని భయపడ్డాను.

ఆ ఆదివారం, ఇద్దరినీ ఒక చోట కూర్చోబెట్టాలన్న ఆశ కొంత, నా కుతూహలం కొంత, మా ఎలుగుబంటి కోసం ఫోనులో వెతికాను. దొరికింది! పిల్లకు కథ ముందే చెప్పేశాను, లుంగీలు, షావుకారు, అన్నం, అన్నీ. టీవీకి తగిలించి ముగ్గురం కూర్చున్నాం. ఈసారి సద్దు పెట్టాను. ఎలుగుబంటి గొంతు వినడం నాకదే మొదటిసారి, జలుబు చేసిన మనిషి గొంతు.

మా అమ్మాయి బడిలో హిందీ చెబుతారు. కాసేపటికే అది ఎగిరి కూర్చుంది. "అమ్మా, అదు తిరుడన్ మా!" అంది. అది దొంగట! ఊళ్ళో అందరి ఇళ్ళలో తేనె జాడీలూ గిన్నెలూ కాజేసి మూట కట్టుకుని పారిపోతోందట. టోపీ నక్క పోలీసు. కమ్మీల కిటికీ జైలు. నాకు నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు వచ్చాయి. వెంటనే తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. వాడు "అయితే అన్నం జైల్లోనా పెట్టింది?" అన్నాడు, ఎవరో తనని మోసం చేసినట్టు.

మేం నవ్వేది చూసి అమ్మ "ఏందిమే?" అంది. మా అమ్మాయి అవ్వ చెవి దగ్గర అరవంలో అరిచింది. అమ్మ మామూలుగా నవ్వి "ఆ, షావుకారింటికే" అని తలూపింది.

తప్పును తప్పుగా వదిలేయడం ఏడేళ్ళ పిల్లల వల్ల కాదు. మా అమ్మాయి లేచి వెళ్ళి అవ్వ ఎదురుగా నిలబడింది. రెండు చేతులతో ఆమె గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"అవ్వా. వాడు... దొంగ."

అమ్మ కళ్ళు ఆ చిన్ని నోటి మీదే నిలిచాయి. "దొంగా? ఎవురు సెప్పినారు నీకు?"

"వాళ్ళే చెప్పినారు."

"మరి మూటలో ఏముండాది?"

"తేనె. గిన్నె. అందరి ఇంట్లో ఎత్తుకోని వచ్చినాడు."

అమ్మ ముక్కున వేలేసుకుంది. "అయ్యో, దొంగోని నెత్తినా నేను లుంగీలు పెట్టింది!" అని, కాసేపు ఆలోచించి, "పోలీసోళ్ళు అన్నం పెడతారా?" అని అడిగింది.

"పెడతారు అవ్వా."

"అయితే మంచోళ్ళే."

తన మాట అవ్వకు అందిందని మా అమ్మాయికి అప్పుడు అర్థమైంది. నేను మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది. అది ఫోను లాక్కుని తన ఎగిరే పిల్ల కథ పెట్టింది. అమ్మ టీవీలోని నోళ్ళ వంక చూస్తుంటే దానికి చిరాకేసింది. సద్దు పూర్తిగా తగ్గించేసి, "వాళ్ళ మూతి చూడొద్దవ్వా, నా మూతి చూడు. నేను చెప్తా" అంది.

నేను చట్నీ రుబ్బుదామని వంటింట్లోకి వచ్చాను. మిక్సీ వేశాను, వెంటనే ఆపేశాను. ముందు గదిలో మా అమ్మాయి తెలుగు కుంటుకుంటూ నడుస్తోంది. మధ్యలో అరవం దొర్లుతోంది, మాట దొరక్క ఆగిపోతోంది. అందించాలని నా నాలుక చివరిదాకా వచ్చినా ఊరుకున్నాను. ఆనాడు మా నాయన టీవీ గొంతు ఎందుకు నొక్కేవాడో చేతిలో మిక్సీ మూతతో నిలబడి తెలుసుకున్నాను.

"ఈ పాప కింద పడిపోయింది" అంటోంది మా అమ్మాయి. తర్వాత గొంతు తగ్గించి అంది, "నేను కూడా పడినాను అవ్వా. బళ్ళో. రక్తం వచ్చింది. నీకు చెప్తే మంచిదన్నావు."

నేను వంటింటి గుమ్మంలోకి వచ్చి చూశాను. టీవీలో పిల్ల మళ్ళీ ఎగురుతోంది, దాన్ని ఎవరూ చూడటం లేదు.

"యాడ తగిలింది?" అంటూ మా అమ్మ నేల మీదికి దిగి కూర్చుంది. "నాకు తెలీలేదే నాయనా. యాడ, సూపీ."

మా అమ్మాయి గౌను పైకెత్తి మోకాలు చూపించింది.