ముప్పై ఒకటో సంతకం

లిఫ్టు మేస్త్రి తన నీడ తన వెంట వస్తున్నా ఎందుకొస్తున్నావని నిలదీసే మనిషి. ఈ మాట అతని భార్యది. ఇరవై ఆరేళ్లుగా భవనాల లోపలి చీకట్లో పైకీ కిందికీ తిరుగుతూ, ఇనుప తాళ్లను వేళ్లతో తడుముతూ బతికాడు. ఎక్కడ ఒక పోగు తెగినా ఆ వేళ్లకు తెలుస్తుంది. అలా నాలుగు గోడల మధ్య నిలువుగా బతికిన వాడి కూతురు ఆకాశమంతా కావాలంది. పైలట్ అవుతానంది.

కమర్షియల్ లైసెన్సు రావాలంటే రెండు వందల గంటలు ఎగరాలి. అందులో చాలా గంటలు ఒంటరిగా. ఆ ఒంటరి గంటలే మేస్త్రి గొంతులో ముల్లులా ఉన్నాయి. చూడాల్సిన ఫ్లయింగ్ స్కూళ్లు రెండు. మొదటిదానికి ఆ రోజు పొద్దున్నే తండ్రీ కూతురూ వెళ్లారు.

భుజాల మీద బంగారు గీతలున్న మేనేజరు ఎదురొచ్చాడు. అద్దాల గది, గోడనిండా నవ్వుతున్న పైలట్ల ఫోటోలు. మేస్త్రి ఫోటోలను కాక, వాటి కింద పేర్లు లేని ఖాళీని చూశాడు.

"సాయంత్రానికి సీట్లు అయిపోతాయండీ. అమ్మాయి అదృష్టం, ఒక్కటే మిగిలింది," అన్నాడు మేనేజరు.

"నిన్న ఫోన్లోనూ ఒక్కటే అన్నారుగా. రాత్రంతా పాపం ఒంటరిగానే ఉందా?"

కూతురు అతని మోచేతిని గిల్లింది. "నాన్నా, పెళ్లి సంబంధం చూడ్డానికి రాలేదు మనం."

"అది చెడితే ఇంటికి తిరిగొస్తావు తల్లీ," అన్నాడు మేస్త్రి.

విమానాలు నిలిపే షెడ్డులో తెల్లటి చిన్న విమానం, రెక్కలు ముడవడం మరిచిన కొంగలా నిలబడి ఉంది. కూతురు దాని పక్కన చేరగానే ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి మేస్త్రికి ఇంకా భయమేసింది. పైన పటారం, లోన లొటారం కాదని ఎవరు చెప్పాలి? ఇంజను అతనికి తెలియని విద్య. తెలిసింది ఒక్కటే: స్తంభానికి వేలాడుతున్న అట్ట, దాని క్లిప్పు కింద కాగితాలు. ఎగిరే ముందు విమానాన్ని తనిఖీ చేసినట్టు రోజుకో సంతకం. లిఫ్టులకూ అచ్చం అలాంటి కాగితమే.

పోయిన నెల కాగితం తిప్పాడు. ముప్పై ఒక్క గళ్లు. ముప్పై ఒక్క సంతకాలు. ఒకే వాలు, ఒకే సిరా.

"తల్లీ, పోయిన నెల ఎన్ని రోజులు?"

"ముప్పై."

ఆమె దగ్గరికొచ్చి వంగి చూసింది. లేని రోజున కూడా ఎవరో విమానాన్ని తనిఖీ చేశారు. ముఖంలో వెలుగు మెల్లగా దిగిపోయింది.

"అది క్లర్కు పొరపాటండీ," అన్నాడు మేనేజరు, కాగితాన్ని వెనక్కి తిప్పుతూ.

"తనిఖీ క్లర్కు చేస్తాడా?" అంది కూతురు.

ఇద్దరూ గేటు దాటారు. బస్టాపు బల్ల మీద కూర్చున్నాక కూతురు అడిగింది. "అంత తిన్నగా ఆ చివరి గడికే ఎలా వెళ్లావు?"

అబద్ధం చెప్పొచ్చు. మేస్త్రి తన బొటనవేలి గోరు చూసుకున్నాడు.

"నెల సంతకాలన్నీ ఒక్కసారే కూర్చుని పెట్టేవాడి చెయ్యి ఆగదు. గడి ఉన్నంత దాకా పోతుంది. నాదీ పోయింది."

"ఎక్కడ?"

"ఆసుపత్రి లిఫ్టు. ఎనిమిదేళ్లయింది."

"ఏమైనా అయిందా?"

"ఏమీ కాలేదు. అందుకే తర్వాత నెల కూడా అలాగే పెట్టాను."

ఆమె అతనివైపు తిరిగింది. ఇందాక అతను విమానాన్ని చూసిన చూపు అది. ఆ చూపు కింద కూర్చోవడం ఎంత కష్టమో మేస్త్రికి ఇన్నేళ్లకు తెలిసింది.

"రేపు రెండో స్కూలుకి వెళ్దాం. కాగితాలు నేను చూస్తాను. నువ్వు బయట కూర్చో," అంది.

"సరే."

"ఆ ఆసుపత్రికి కూడా వెళ్తాను. ఈ నెల కాగితం చూస్తాను."

"చూడు. ఇప్పుడు ఏ రోజుది ఆ రోజే పెడుతున్నా. ఎప్పుడెళ్తావు?"

"చెప్పను," అంది కూతురు. "చెప్పి వెళ్తే ఇంకేం చూస్తాను?"