మచ్చ సంగతి సంఘంలో చెప్పాను

కోత పండుగ రోజు ఆరాధన అయిపోయాక మందిరం ముందు పందిట్లో వంటలు సాగుతున్నాయి. పొయ్యి మీద అన్నం గుండిగ పొంగుతోంది. వంటవాళ్ళు గుడ్డ కోసం వెతుక్కుంటుంటే, పక్కనే ఉన్న నేను ఇత్తడి మూతను కుడిచేత్తో తీసి కింద పెట్టాను. కట్టెలు ఎగదోస్తున్న మా సంఘ పెద్ద దావీదు తలెత్తి చూశాడు.

"అయ్యగారూ, చెయ్యి కాలలేదా మీకు?"

"లేదే" అన్నాను.

"ఏందో, మీకు దేవుడి కాపుదల బాగా ఉంది" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

సాయంత్రానికి చిటికెన వేలి మీద, దాని పక్క వేలి మీద బొబ్బలు లేచాయి. బొబ్బలు కళ్ళారా చూస్తున్నా నొప్పి మాత్రం లేదు. అప్పుడు భయం వేసింది.

నేను మాచవరం దగ్గర ఒక పల్లెలో సంఘ కాపరిని. నా భార్య రాహేలు మిషను బళ్ళో టీచరు. అవి నందికొండ దగ్గర సాగరు డ్యాం పనులు మొదలైన రోజులు. వానలు సరిగా లేక మా సంఘంలో సగం కుటుంబాలు పిల్లాజెల్లాతో రాళ్ళు మోయడానికి అక్కడికి వెళ్ళిపోయాయి. ఆదివారం మందిరంలో చాపలు ఖాళీగా కనపడేవి. అదే సమయంలో మా ప్రాంతాన్ని చూసే మిషనరీ దొరగారు తమ దేశం వెళ్ళిపోతున్నారని, ఆయన తర్వాత ఇంకో దొర రారని తెలిసింది. చుట్టుపక్కల పల్లెల సంఘాలన్నిటి బాధ్యతా నాకు అప్పగించాలని ఆయన అనుకుంటున్నారు. బడి నడుస్తుందా, సంఘం నిలుస్తుందా అని అందరూ నన్నే అడిగేవాళ్ళు. నిలుస్తుందని చెప్పేవాణ్ణి. అట్లా చెప్పాల్సిన మనిషికి బొబ్బలు లేచినా తెలియడం లేదు.

మర్నాడు రాహేలు వేళ్ళకు మందు రాస్తూ మోచేతి కింద పాలిపోయిన మచ్చ చూసింది.

"ఇది ఎప్పటిదండీ?"

"తామర అనుకున్నా. చాన్నాళ్ళుగా ఉంది."

ఆమె లేచి కోడి ఈక ఒకటి తెచ్చింది. "కళ్ళు మూసుకోండి. నేను ఎక్కడ ముట్టుకుంటే అక్కడ వేలు పెట్టి చూపించండి" అంది. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఎంతసేపటికీ ఏమీ తెలియలేదు.

"మొదలుపెట్టు మరి" అన్నాను.

కళ్ళు తెరిచి చూస్తే ఈక మచ్చ మీదే ఉంది. రాహేలు కళ్ళ నిండా నీళ్ళు.

పిడుగురాళ్ళ దాకా బండి మీద, అక్కడినుంచి రైల్లో, మధ్యలో ఇంకో రైలు మారి నరసరావుపేట వెళ్ళాం. అక్కడి డాక్టరుగారు దూదితో, గుండుసూదితో చూసి, మోచేతి వెనక వేలు పెట్టి నొక్కారు. "అల్నార్ నెర్వ్, ఈ నరం, లావెక్కింది. ఇది లెప్రసీ లాగుంది. నా దగ్గర కాదు, లెప్రసీ హాస్పిటల్లో చూపించుకోండి. లేటు చెయ్యొద్దు" అన్నారు.

ఆయన ఇంగ్లీషులో చెప్పిన మాట నాకు తెలుగులో కుష్టు అని వినపడింది. జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ధైర్యం చెప్పడం నా పని. ఆ రోజు నాకు నేను చెప్పుకోవడానికి ఒక్క మాట కూడా దొరకలేదు.

ఆ వారంలోనే లెప్రసీ హాస్పిటల్‌కు వెళ్ళాం. అక్కడ ఉన్నది డాక్టరమ్మ, మన తెలుగావిడే. చెవి తమ్మె దగ్గర, మచ్చ దగ్గర చిన్నగా గీసి, క్రిములు ఉన్నాయేమో చూడడానికి స్కిన్ స్మియర్ తీయించింది. రిపోర్టు వచ్చాక మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది.

"స్మియర్ నెగటివ్. మీది ట్యూబర్‌క్యులాయిడ్ టైపు. మీ వల్ల ఇంకొకరికి అంటదు. డీడీఎస్ టాబ్లెట్లు ఇస్తాను. తక్కువ డోసుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోదాం. ఏళ్ళ తరబడి వేసుకోవాలి. తగ్గింది గదా అని మధ్యలో ఆపారంటే ఊరుకోను."

"ఆదివారం ప్రసంగం చెయ్యొచ్చా అమ్మా?" అని అడిగాను.

"ఎందుకు చెయ్యకూడదు? జబ్బు నోటికి రాలేదు గదా!" అంది.

ఆ మాటకు రాహేలు నవ్వింది. ఈక పట్టుకున్న రోజు తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

దొరగారికి చెబితే చాలా బాధపడ్డారు. నా మీద ప్రేమతోనే ఒక సలహా ఇచ్చారు. "ఇతరులకు అంటుకొనదని డాక్టరు చెప్పినప్పుడు మీరు ఎందుకు చెప్పవలెను? బాధ్యత తీసుకొను వరకు మౌనముగా ఉండండి" అన్నారు. నాకూ అదే మేలనిపించింది. రాహేలు ఒప్పుకోలేదు.

"చెయ్యి ఎన్నాళ్ళు దాస్తారండీ? రేపు ఎవరో ఒకళ్ళు చూస్తారు. వాళ్ళు చెప్పేకంటే మీరు చెప్పడమే నయం. సంఘాన్ని నడిపే మనిషి చొక్కా చేతులు లాక్కుంటా తిరిగితే ఏం బాగుంటది?"

ఆ ఆదివారం ప్రసంగం అయ్యాక చొక్కా చేతిని పైకి మడిచి మచ్చ చూపించాను. జబ్బు పేరు చెప్పాను. డాక్టరమ్మ చెప్పినవన్నీ ఆమె మాటల్లోనే చెప్పాను. ముందు చాప మీద ఒక తల్లి బిడ్డను మెల్లిగా ఒళ్ళోకి లాక్కుంది. ఆ చిన్న కదలిక నేను ఈనాటికీ మరవలేదు.

అందరూ వెళ్ళిపోయాక దావీదు ఒక్కడే ఆగాడు.

"అయ్యగారూ, మీ మీద కోపం లేదు. కానీ వచ్చే వారం ప్రభువు బల్ల ఉంది. మీ చేత్తో రొట్టె పెడితే తినడానికి నాకే ధైర్యం చాలట్లేదు. దాచుకుని ఏం జేద్దాం, ఉన్నమాట చెప్తున్నా."

"అయితే రొట్టె నువ్వు విరువు" అన్నాను.

"నేనా? నాకేం వచ్చు?"

"నేను నేర్పుతా."

దావీదుకు చదువు కూడబలుక్కునేంత మాత్రమే. వారమంతా రోజూ సాయంత్రం మా అరుగు దగ్గరికి వచ్చి, నాకు కొంచెం దూరంగానే కూర్చుని, ప్రార్థన మాటలు కంఠతా పట్టాడు. ఆదివారం, ప్రభువు చివరి భోజనానికి గుర్తుగా అందరికీ పంచే ఆ రొట్టెను విరిచాడు. నేను చివరి చాప మీద కూర్చుని తీసుకున్నాను. అవమానంగా ఉంటుందనుకున్నాను గానీ, దావీదు ఎక్కడ తడబడతాడో అన్న ఆదుర్దాలో అవమానం సంగతే గుర్తు రాలేదు.

ఆ తర్వాతి నెలలు తేలికగా గడవలేదు. నాలుగైదు కుటుంబాలు మందిరానికి రావడం మానేశాయి. బావి దగ్గర రాహేలు నీళ్ళు తోడుకునేదాకా ఆడవాళ్ళు పక్కకు తప్పుకునేవాళ్ళు. ఒకరోజు ఆమె బిందె కింద పెట్టి, వాళ్ళలో ఒకామె ముందుకు వెళ్ళి రెండు చేతులూ చాపింది. "ఏమే, రోజూ ఆయనకు అన్నం పెట్టేది నేను. నాకు మచ్చ ఎక్కడుందో చూసి చెప్పవే" అంది. ఎదుటామె నిజంగానే రాహేలు చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, లేదంది. మర్నాటినుంచి ఆమె ఒక్కతీ పక్కకు జరగడం మానేసింది.

టాబ్లెట్లు సరిగానే వేసుకుంటున్నాను. ఎండలు ముదిరే వేళకు మోచేతి దగ్గర సలుపు పట్టుకుంది. అక్కడినుంచి చిటికెన వేలి దాకా నిప్పు పాకినట్టు ఉండేది. కొద్ది రోజుల్లోనే రెండు వేళ్ళూ లోపలికి వంకరపోయాయి. పెన్ను పట్టుకోలేను, బొత్తాం పెట్టుకోలేను. మందు పనిచేయడం లేదని ఊళ్ళో అనుకున్నారు. నేనూ లోపల అదే అనుకున్నాను.

"ఇది రియాక్షన్, ఈ జబ్బులో వచ్చేదే. మందు తప్పు కాదు. నెర్వ్ వాచింది. అడ్మిట్ కావాలి. ఇప్పుడు అశ్రద్ధ చేస్తే వేళ్ళు అట్లాగే ఉండిపోతాయి" అంది డాక్టరమ్మ.

నెలల తరబడి హాస్పిటల్లో ఉన్నాను. వేళ్ళు ఇంకా వంగకుండా చేతికి స్ప్లింట్ కట్టారు. నొప్పి తగ్గాక రోజూ వేడి మైనంలో చెయ్యి ముంచే వ్యాక్స్ బాత్, నూనెతో మర్దన, వేళ్ళకు ఎక్సర్‌సైజులు. నా పక్క మంచం మీద బొల్లాపల్లి వైపు రైతు ఒకాయన ఉండేవాడు. మచ్చ వచ్చిన ఎన్నో ఏళ్ళకు గాని డాక్టరు దగ్గరికి రాలేదు. చేతివేళ్ళు చాలావరకు పోయాయి. "మా తమ్ముడి కూతురి పెళ్ళి అయ్యేదాకా ఆగుదామనుకున్నానన్నా. తర్వాత ఇంకో పెళ్ళి వచ్చింది" అన్నాడు. నేను ఆయనకు అన్నం కలిపి పెట్టేవాణ్ణి. ఆయన నాకు ఓపిక నేర్పాడు.

అక్కడ ఉండగానే దొరగారు ఓడ ఎక్కారని తెలిసింది. వీడ్కోలు చెప్పడానికి కూడా వెళ్ళలేకపోయాను. ఆ సాయంత్రం నా పని ఇంతటితో సరి అనుకున్నాను. చేయి పోయింది, మనుషులు పోతున్నారు, ఇంక నడిపేదేముంది అనుకున్నాను. రౌండ్సుకు వచ్చిన డాక్టరమ్మ నా ముఖం చూసి, "ఏమైంది?" అని అడిగింది. చెప్పాను. "మీరు ఇప్పుడు పేషెంటు. పేషెంటు పని పేషెంటుగా చేయండి. సంఘం పని ఎవరో ఒకరు చేస్తూనే ఉండి ఉంటారు" అంది. ఆ మాట మొదట చురుక్కుమంది. తర్వాత ఊరట అనిపించింది.

కొన్ని రోజులకు దావీదు వేరుశనక్కాయల మూటతో హాస్పిటల్‌కు వచ్చాడు. పల్లెల పెద్దలందరూ కూడి మాట్లాడుకున్నారని చెప్పాడు.

"బాధ్యతకు ఇంకో మనిషిని చూద్దామన్నారు కొందరు. నేను డాక్టరును అడిగొచ్చినాక మాట్లాడదాం, అందాకా ఆగండన్నా."

అన్నట్టే డాక్టరమ్మను నిలబెట్టి అడిగాడు. "అమ్మా, దాపరికం లేకుండా చెప్పు. ఈయన చేతి రొట్టె తింటే నాకు వస్తదా, రాదా?"

డాక్టరమ్మ నా మంచం మీద కూర్చుని ఆ మూట విప్పింది. "అయ్యగారూ, కాయలు ఒలవండి. మీకు ఎక్సర్‌సైజు కూడా అవుతుంది" అంది. వంకర వేళ్ళతో అవస్థపడి ఒక కాయ ఒలిచాను. నా అరచేతిలోంచి గింజలు తీసుకుని నోట్లో వేసుకుంది. "రాదు" అంది. మళ్ళీ ఒలవమంది, మళ్ళీ తింది. దావీదు చివరికి చెయ్యి చాపి, "నాకూ రెండు పెట్టండి" అన్నాడు.

ఆ గింజలు నమిలి మింగేదాకా అతని ముఖంలో భయం పోలేదు. భయంతోనే మింగాడు. అందుకే నాకు అతనంటే అంత గౌరవం.

నేను ఇంటికి వచ్చేసరికి ఉంగరం వేలు దాదాపు నిటారైంది. చిటికెన వేలు ఇప్పటికీ కొంచెం వంగే ఉంది. మందిరంలో అడుగుపెట్టి ఆశ్చర్యపోయాను. సంఘం ఆగలేదు. దావీదు ఆరాధన నడుపుతున్నాడు, రాహేలు వాక్యం చెబుతోంది. డ్యాం దగ్గరున్న కుటుంబాలు కూడా అక్కడి గుడిసెల్లోనే ఆదివారం కూడుకుంటున్నాయి. నేను ఉన్నప్పుడు ప్రతి పనికీ నా కోసం కాచుకున్నవాళ్ళే వీళ్ళంతా.

బల్ల ఉన్న ఆదివారం దావీదు లేచి మాట్లాడాడు. "నేను డాక్టరమ్మను అడిగొచ్చా. ఈయన ఒలిచిన కాయలు తిన్నా. నెలలైంది, చూసుకోండి" అని చేతులు తిప్పి చూపించాడు. "ఊళ్ళో మనల్ని ముట్టుకోకుండా నీళ్ళు పైనుంచి పోసినప్పుడు ఎట్టా ఉండేది? అప్పుడే మర్చిపోయామా? అయ్యగారికి మనమూ అట్టాగే జేద్దామా?"

నేను రొట్టె విరిచాను. మొదట దావీదు తీసుకున్నాడు. బావి దగ్గర రాహేలు చేతులు చూసినామె తర్వాత వచ్చింది. అందరూ రాలేదు. వెనక కూర్చున్న రెండు కుటుంబాలకు ఇంకో ఏడాది పట్టింది. ఒక కుటుంబం రానేలేదు. అయినా పల్లెల పెద్దలు ఆ నెలలోనే బాధ్యత నాకు అప్పగించారు. నేను ఒక షరతు పెట్టాను. ఆరాధన, బల్ల, భూస్థాపన, ఏదైనా సరే నేను లేకుండా జరిపించగల మనుషులు ఇద్దరు ప్రతి పల్లెలోనూ తయారు కావాలన్నాను. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయినా ఒప్పుకోవాలన్నాను. కొంత గొణుగుడు తర్వాత ఒప్పుకున్నారు.

అది జరిగిన కొన్నాళ్ళకు సున్నపురాయి క్వారీలో పనిచేసే ఒకామె మా ఇంటికి వచ్చింది. మా మతస్థురాలు కాదు, మా ఊరూ కాదు. గడప బయటే నిలబడింది.

"అన్నా, మచ్చ ఉందని నలుగుర్లో చెప్పావంట గదా. నాకూ ఉంది. మా ఆయనకు తెలిస్తే వెళ్ళగొడతాడని చెప్పలా. ఆ డాక్టరమ్మ దగ్గరికి నన్ను తీసకపోతావా?"

రాహేలు ఆమెను లోపలికి పిలిచి అన్నం పెట్టింది. భర్తతో నేనే మాట్లాడాను. అతను కూడా మాతోపాటు రైలెక్కాడు. ఆ తర్వాత ఎంతమంది వచ్చారో లెక్క పెట్టలేదు. ఇప్పుడు డాక్టరమ్మే నెలకోసారి మా మందిరం వరండాలో కూర్చుని అందరినీ చూస్తోంది. దావీదు వాళ్ళను వరసలో కూర్చోబెట్టి, భయపడేవాళ్ళకు వేరుశనక్కాయల కథ చెబుతాడు.

నా టాబ్లెట్లు ఆపేయమని డాక్టరమ్మ చెప్పి కొంతకాలమైంది. కుడిచేత్తోనే రాస్తున్నాను, సైకిలు తొక్కుతున్నాను. స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. అందుకని రోజూ పడుకునే ముందు చేతులు తిప్పి చూసుకుంటాను. సాగరు కాలువ మా వైపు వచ్చింది. వెళ్ళిన కుటుంబాల్లో కొన్ని తిరిగొచ్చాయి. ఇప్పుడు ఆదివారం చాపలు చాలడం లేదు.

ఇది చదివేవాళ్ళకు ఒక్క మాట. ఒంటి మీద పాలిపోయిన మచ్చ కనిపిస్తే కళ్ళు మూసుకుని, ఇంట్లోవాళ్ళ చేత దాని మీద దూది పెట్టించుకోండి. తెలియకపోతే ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పెళ్ళి అయ్యాక, పంట ఇంటికి వచ్చాక అని ఆగవద్దు. ప్రార్థన చేసుకుని వెళ్దామనుకుంటే మంచిదే, రైల్లో కూర్చుని చేసుకోండి.