కోటు మీద రెండు చిల్లులు

ఈ ఉదయం వాషర్‌మెన్‌పేట్‌లోని మా అద్దె మేడగదిలో ట్రంకుపెట్టె తెరిచి నా నల్లకోటు బయటికి తీశాను. నాఫ్తలీన్ వాసన, దాని వెనకే ఇత్తడి పాలిష్ వాసన గదంతా పరుచుకున్నాయి. కోటు ఎడమ రొమ్ము మీద రెండు సన్నటి చిల్లులు. లోపలి గుడ్డ ఎప్పుడో పోయింది కాబట్టి, కిటికీకి ఎదురుగా పట్టుకుంటే వాటిలోంచి ఎండ రెండు చుక్కలై నా అరచేతిలో పడింది. రేపు బీచ్ రోడ్డు చివర యుద్ధ స్మారకం దగ్గర పూలు ఉంచే రోజు. ఏడాదికి ఆ ఒక్కరోజే ఈ కోటు తొడుగుతాను.

పెదనాన్న సైన్యంలో చేరతానన్నప్పుడు మా తాత మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదట. తరతరాలుగా ఒక పాలెం ఏలిన ఇల్లు మాది. "మనకి సలాం కొట్టేదానికి జనం ఉండారు. మనం పోయి ఇంకొకడికి కొట్టేదా?" అన్నారట. పెదనాన్న కొట్టారు. మంచుకొండల్లోనూ ఎడారుల్లోనూ ముప్పై అయిదేళ్ళు కొట్టి, కొట్టించుకుని, లెఫ్టినెంట్ జనరల్‌గా రిటైరయ్యారు. ఈలోగా మా పాలెం పోయింది, కోట పోయింది. చెప్పుకోవడానికి ఆయనొక్కరే మిగిలారు.

ఆ తరవాత కోడంబాక్కంలో ఉండేవారు. సినిమావాళ్ళు వచ్చి, సైనికుడి వేషం కట్టినవాడికి సెల్యూట్ నేర్పమని అడిగేవారు. ఆయన మొదట నిలబడటం నేర్పేవారు. అది వచ్చేసరికే సాయంత్రమయ్యేది. మధ్యాహ్నాలు వేపచెట్టు నీడ వరండాలో మెల్లగా జరుగుతుంటే, మా మేనత్త ఆయన నది దాటిన కథ ఎత్తుకునేది. తూర్పు యుద్ధంలో, అప్పటికి బ్రిగేడియరైన తన తమ్ముడు గట్టున నిలబడి, పొగమంచులో ఒక్క చూపుతో లోతు కనిపెట్టి, "ఈడ కాదు, ఆడ" అని వేలు చూపించాడట. బ్రిగేడ్ అంతా క్షేమంగా దాటిందట. దేశమంతా ఆయన పేరు తెలిసింది ఆ దాటడంతోనే. వింటూ వింటూ నేను కునుకు తీసేవాణ్ణి. కలలో ఆ నది మా వరండా మెట్లదాకా వచ్చేది. పెదనాన్న మాత్రం పేపరు మడిచి, "అంత లేదులే అక్కా" అనేవారు. మేమది వినయం అనుకునేవాళ్ళం.

ఆయనకు పిల్లలు లేరు. పోయాక పతకాలు నాకు వచ్చాయి. ఆ ఏడు మొదటిసారి స్మారకానికి వెళ్ళాను, ఆయన పెట్టుకున్నట్టే ఎడమ రొమ్ము మీద పతకాల వరుస పెట్టుకుని. సముద్రం మీద ఇంకా మంచుతెర వీడలేదు. రిటైరైన సుబేదారు ఒకాయన, నెల్లూరు వైపు మనిషి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అయ్యా, కోపం చేసుకోబాకండి. సంపాదించినోళ్ళు ఎడంపక్క పెట్టుకుంటారు. వారసులు కుడిపక్క. ఈడ పద్ధతి అదే."

నా వెన్ను ఇంకా బిగిసింది. "మా ఇంటివాళ్ళను ఇంతవరకు ఎవరూ దిద్దలేదు" అన్నాను. నలుగురూ తిరిగి చూశారు. అటునుంచి అటే వెళ్ళిపోదామనుకున్నాను.

ముసలాయన నవ్వాడు. "జనరల్ సార్‌ని నేను దిద్దినా గదయ్యా, నది కాడ. అప్పుడు ఉత్త సిపాయిని. ఆయన ఎంచిన రేవులో అడుగంతా ఊబి. నేను పెన్న ఒడ్డున పుట్టినోణ్ణి, ఇసక రంగు చూస్తే తెలస్తాది. ఆడ దిగబాకండి సార్ అన్నా. నా పని అయిపోయిందనుకున్నారు అందరూ. ఆయన కాసేపు నీళ్ళకల్లా చూసి, 'సరే, నువ్వే ముందు నడువు' అన్నాడు."

అంత లేదులే అక్కా. వరండాలోని ఆ మాట అన్నేళ్ళకు నాకు వినబడింది.

బ్యాండు మొదలవబోతోంది. పిన్ను తీయబోతే గుడ్డకు చిక్కుకుంది. ముసలాయనే తీసి, కుడివైపు పెట్టి, అరచేత్తో అదిమాడు. "ఇప్పుడు సార్ చూసినా తిట్టడు."

ఆ చిల్లులు కనబడకుండా రఫూ చేస్తానని వీధి చివరి దర్జీ ఏటా అంటాడు. వద్దంటాను. ఎడమ నుంచి కుడికి జానెడు దూరం. అది దాటడానికి మా ఇంటికి మూడు తరాల కాలం పట్టింది.